పెంటవ్వ బ్రేకర్

“ఒస్తుంది! ఒస్తుంది! రెండు ట్రాలీలది!”

పిట్టగోడ మీద నిలబడి చిన్ను గొంతు చించుకున్నాడు.

స్కూలు వదిలి పావుగంట కూడా కాలేదు. చిన్ను వాళ్ల అక్క వర్ష, ఆమె దోస్తు నితీష్ ఇంకా యూనిఫాంలోనే ఉన్నారు. వాళ్లిద్దరిదీ ఆరో తరగతి. చిన్నుది రెండో తరగతి. ముగ్గురి బ్యాగులూ గోడ పక్కన దుమ్ములో పడి ఉన్నాయి. ఇంటికి పోయి, కాళ్లు కడుక్కుని, హోంవర్క్ ముందేసుకోవాల్సిన పిల్లలు సడక్ పక్కన ఏం చేస్తున్నారంటారా? చెరుకు ట్రాక్టర్ కోసం కాచుకుని ఉన్నారు.

బోధన్‌లో పాత గోదాం వాడ మధ్యలోంచి ఒక సడక్ పోతుంది. సడక్‌కు ఇటు నలభై ఇళ్లు, అటు ముప్పై ఇళ్లు. చలికాలం మొదలైతే చాలు, చుట్టుపక్కల ఊళ్లలో నరికిన చెరుకు ఆ సడక్ మీదుగానే ఫ్యాక్టరీకి పోతుంది. పొద్దున ట్రాక్టర్లే, సాయంత్రం ట్రాక్టర్లే. పోయిన ఏడాది దాకా అవి దుమ్ము లేపుకుంటూ సర్రున పోయేవి. ఈ ఏడాది వాటి ఆటలు సాగడం లేదు. ఎందుకంటే ఇప్పుడు ఆ వాడకు ఒక స్పీడ్ బ్రేకర్ ఉంది.

స్పీడ్ బ్రేకర్ కూడా ఒక గొప్పేనా అని నవ్వకండి. దాని కోసం ఆ వాడ ఏడాదిన్నర తిరిగింది.

రెండేళ్ల కింద సడక్ దాటుతుంటే పెంటవ్వకు మోటార్ సైకిల్ తగిలింది. కాలు విరిగింది. పెంటవ్వ ఇల్లు సడక్‌కు అటు పక్క. వర్ష వాళ్ల ఇల్లు ఇటు పక్క. వర్ష నాయనమ్మ హన్మవ్వ, పెంటవ్వ ముప్పై ఏళ్లుగా వర్ష వాళ్ల అరుగు మీదే కూర్చుని బీడీలు చుట్టేవాళ్లు. ఎదురెదురుగా చాటలు పెట్టుకునేవాళ్లు. చేతులు ఆకుల మీద, నోళ్లు ముచ్చట్ల మీద ఉండేవి. కాలు విరిగాక పెంటవ్వ సడక్ దాటడం మానేసింది. హన్మవ్వ అటు పోదామంటే ఆమెకు కళ్లు సరిగా ఆనవు. ఇద్దరి మధ్యా ఉన్నది ఇరవై అడుగుల సడక్. అయినా ఒకరి ముఖం ఒకరు చూసుకోక ఏడాది దాటింది.

అప్పుడు వాడంతా కూడి మున్సిపాలిటీకి దరఖాస్తు పెట్టింది. అది రాసిందెవరనుకున్నారు? మన వర్షే! వాడ సంఘానికి పెద్ద రాజారాం తాత. ఆర్టీసీలో కండక్టర్‌గా చేసి రిటైరయ్యాడు. ఆయన గొంతు వాడ చివరి దాకా వినపడుతుంది కానీ, ఆయన రాసింది ఆయనకే అర్థం కాదు. “నీ రాత అచ్చు కొట్టినట్లుంటది, నువ్వే రాయి బిడ్డా” అని వర్షను కూర్చోబెట్టాడు. ఒకటి కాదు, నాలుగు దరఖాస్తులు. నాలుగోదానికి బ్రేకర్ వచ్చింది.

అది వచ్చిన రోజు పండగే. రాజారాం తాత కొబ్బరికాయ కొట్టాడు. పిల్లలు బ్రేకర్‌కు తెల్ల పట్టీలు, పసుపు పట్టీలు వేశారు. మొదటి పట్టీ వర్ష వేసింది. రంగు ఆరాక మొదట దాటింది పెంటవ్వ. ఒక చేతిలో కర్ర, ఒక చేతిలో చాట. వాడంతా చప్పట్లు కొట్టింది. అరుగు మీద హన్మవ్వ కళ్లు తుడుచుకుంటూ, “ఇంత ఆలస్యమానే?” అని కోప్పడింది.

అప్పటి నుంచి అందరూ దాన్ని పెంటవ్వ బ్రేకర్ అనే పిలుస్తున్నారు.

అంతా బాగానే ఉంది. కానీ పిల్లల కళ్లు వేరు. ట్రాక్టర్ మెల్లగా పోతే ట్రాలీ వెనక నుంచి చెరుకు గడ గుంజుకోవచ్చని వాళ్లు వారం రోజుల్లోనే కనిపెట్టారు.

ఈ పనిని ఆ ఊళ్లో ఎవరూ దొంగతనం అనరు. వర్ష వాళ్ల బాపు శ్రీధర్ అయితే అన్నం తినేటప్పుడు గొప్పగా చెప్పుకుంటాడు. “మా చిన్నప్పుడు ఎడ్లబండ్ల మీద పోతుండె చెరుకు. నేను ఒక్క గుంజుడుకు రెండు గడలు గుంజేటోన్ని! చెరుకు గుంజని పోరడు బోధన్‌ల ఉన్నడా?” అంటాడు. అమ్మ నవ్వుతూ ఇంకో ముద్ద పప్పు వేస్తుంది. పిల్లలు చెవులు రిక్కించి వింటారు.

ఇక ఆ బుధవారం సంగతికి వద్దాం.

ట్రాక్టర్ దగ్గరికి వచ్చింది. నడిపేది సిద్దిరాములు అనే రైతు. మోస్రా ఊరి దిక్కు మనిషి. తన చెరుకును తానే తోలుకుపోతున్నాడు. రెండు ట్రాలీల మీద చెరుకు ఇంటి కప్పు కన్నా ఎత్తు ఉంది. సరిగ్గా అదే సమయానికి పెంటవ్వ చాట చంకన పెట్టుకుని, కర్ర పొడుచుకుంటూ సడక్ మీదికి వచ్చింది. సిద్దిరాములు బ్రేకర్ ముందు ట్రాక్టర్ పూర్తిగా ఆపేశాడు.

“దాటవ్వా, నిమ్మలంగ దాటు” అన్నాడు.

రెండో ట్రాలీ వెనక భాగం పిట్టగోడ ముందే ఆగింది. ఇంతకన్నా మంచి అదను దొరుకుతుందా?

రోజూ అయితే వాళ్లు కొసకు వేలాడే సన్న గడలే గుంజేవాళ్లు. ఆ రోజు వర్ష కన్ను ఒక లావు గడ మీద పడింది. నల్లగా, నున్నగా, రసం కారబోతున్నట్టు ఉంది. చూస్తేనే నోట్లో నీళ్లు ఊరాయి. అది పైన లేదు. తాడు కింద, కట్ట నడుమ ఉంది.

వర్ష దాన్ని రెండు చేతులతో పట్టి గుంజింది. రాలేదు.

“నితీష్, పట్టురా!”

నితీష్ వచ్చి వర్ష నడుం పట్టుకుని వెనక్కి గుంజాడు. గడ కొంచెం కదిలింది. ఇంకొంచెం కదిలింది. సర్రుమని ఊడి వచ్చింది. ఇద్దరూ వెల్లకిలా పడ్డారు. చెరుకాకు అంచు వర్ష అరచేతిని కోసేసింది.

ముందర పెంటవ్వ దాటేసింది. ట్రాక్టర్ కదిలింది. ముందు చక్రాలు బ్రేకర్ ఎక్కి దిగాయి. ఆ కుదుపు రెండో ట్రాలీ దాకా వచ్చింది. అంతే! వదులైన కట్ట పక్కకు జారింది. దాని మీది కట్ట దాని వెనకే జారింది. తాడు జరిగిపోయింది. దబదబమంటూ సగం లోడు సడక్ మీద పడింది.

పిల్లలు పడి లేచిన చోటే పడింది. వాళ్లు లేచి రెండడుగులు పక్కకు జరగకపోతే ఏమయ్యేదో చెప్పలేం.

వర్ష చేతిలోని గడను పక్కనున్న మురుగు మోరీలోకి విసిరేసింది. చిన్ను చెయ్యి పట్టుకుని, బ్యాగులు లాక్కుని సందులోకి పరుగెత్తింది. నితీష్ ఆమె కన్నా ముందే సందు దాటాడు.

వెనక నుంచి కేకలు వినిపిస్తున్నాయి. ఆ చప్పుడుకు అదిరిపడి పెంటవ్వ చాట జారవిడిచింది. బీడీల తునికాకు, తంబాకు పొడి సడక్ నిండా పడ్డాయి. సిద్దిరాములు దిగి తల పట్టుకున్నాడు.

“గిదేం బ్రేకర్? గుట్ట లెక్కుంది! అవ్వ అడ్డమొచ్చెనని ఆపితి. మల్ల ఎక్కియ్యంగనే లోడంత పాయె! ఫ్యాక్టరీల నా వరుస తప్పుతది ఇగ. చెరుకంత గేటు కాడ ఎండుతది!”

చెరుకు మళ్లీ ఎత్తి కట్టేసరికి రెండు గంటలు పట్టింది. సడక్‌కు రెండు వైపులా బండ్లు ఆగిపోయాయి. తలా ఒక మాట అన్నారు. బ్రేకర్ వల్లే అని కొందరు. ముసలమ్మ అడ్డం వచ్చినందుకే అని కొందరు. గడ గుంజిన పిల్లల సంగతి ఎవరికీ తెలియదు.

ఆ రాత్రి వర్ష ఎడమ చేత్తో అన్నం తినబోయింది.

“కుడి చెయ్యికేమైందే?” అంది అమ్మ.

“గోడకు గీరుకపోయింది” అంది వర్ష.

చిన్ను నోరు తెరవబోయాడు. వర్ష బల్ల కింద వాడి కాలు తొక్కింది.

మర్నాడు స్కూల్లో నితీష్ ఆమెను చెట్టు చాటుకు లాక్కుపోయాడు.

“ఎవ్వరికి చెప్పద్దు. చిన్నుకు గూడ గిదే చెప్పు. ఒట్టెయ్యి” అన్నాడు.

“చెప్తె ఏమైతది?”

“ఏమైతదా? ట్రాక్టరాయిన వచ్చి మన ఇండ్ల ముంగట లొల్లి పెడ్తడు. మా నాయిన నా తోలు తీస్తడు. ఎవ్వరికి ఏం కాలేదు గద! రెండు దినాలైతె అందరు మర్చిపోతరు.”

వర్షకు ఆ మాట నచ్చింది. నచ్చాలనుకుంది కాబట్టి నచ్చింది. ఒట్టేసింది.

కానీ ఎవరూ మర్చిపోలేదు. సాయంత్రం రాజారాం తాత అరుగు దగ్గరికి వచ్చాడు. ఎప్పుడూ గణగణమనే ఆయన గొంతు ఆ రోజు బొంగురుపోయింది.

“వదినా, మన బ్రేకర్ మీద మున్సిపాలిటీల ఫిర్యాదు పడ్డదట. శనివారం ఇంజనీరు సారు వచ్చి సూస్తడట. మంచిగ లేదనిపిస్తె తవ్వేస్తరట” అన్నాడు హన్మవ్వతో.

“తవ్వుడేంది? నాలుగు దరఖాస్తులు పెడ్తిమి గద!” అంది హన్మవ్వ.

“పెడ్తిమి. ఇగ ఐదోది పెట్టాలె” అంటూ ఆయన వర్ష వైపు చూశాడు. వర్ష అరచేయి వెనక్కి దాచుకుంది.

ఆ రోజు పెంటవ్వ రాలేదు. హన్మవ్వ తన చాట ముందు పెట్టుకుని, ఎదుటి జాగా వదిలి కూర్చుంది. సడక్ మీద కర్ర చప్పుడు వినిపిస్తుందేమోనని మాటిమాటికీ చెవి అటు పెడుతోంది. శుక్రవారం కూడా పెంటవ్వ రాలేదు.

“వర్షా, దాని దగ్గర బీడీలు కట్టే దారం అయిపోయిందో ఏమో. ఈ దారం ఉండ ఇచ్చి రాపో. ఎందుకు వస్తలేదో అడిగి రా” అని పంపింది హన్మవ్వ.

పెంటవ్వ తన గడప లోపల ఒక్కతే కూర్చుని బీడీలు చుడుతోంది. తలుపు సగం వేసి ఉంది. వర్షను చూసి నవ్వింది. ఆ నవ్వు ఎప్పటిలా లేదు.

“మా అవ్వ రమ్మంటుంది పెంటవ్వా.”

“ఇగ నేను రాను బిడ్డా. మీ అవ్వకు చెప్పు.”

“ఎందుకు?”

“నేను అడ్డమొస్తెనే గద ఆ పిలగాడు ట్రాక్టర్ ఆపిండు? పాపం, వాని చెరుకంత సడక్ పాలాయె. కాలు విరిగిన దాన్ని ఇంట్ల కూసోక, నాకెందుకు బిడ్డా ఈ తిరుగుడు? నా వల్లనే గింత లొల్లి. కండ్లు మూస్తె ఆ సప్పుడే ఇనవడ్తుంది.”

‘నీ వల్ల కాదు’ అనే మాట వర్ష నాలుక చివరి దాకా వచ్చింది. ఒట్టు గుర్తొచ్చింది. సిద్దిరాములు కేకలు గుర్తొచ్చాయి. ఆమె దారం ఉండ గడప మీద పెట్టి వెనక్కి వచ్చేసింది. సడక్ దాటుతుంటే బ్రేకర్ మీద తాను వేసిన పట్టీ కనిపించింది. దాన్ని తొక్కబుద్ధి కాక పక్క నుంచి దాటింది.

శనివారం సాయంత్రం వాడంతా పెంటవ్వ ఇంటి ముందు చేరింది. ఆమె సడక్ దాటనంది కాబట్టి మీటింగే అక్కడికి వచ్చింది. హన్మవ్వను శ్రీధర్ చెయ్యి పట్టి తీసుకొచ్చాడు. ఇంజనీరు భానుప్రసాద్ సారు టేపుతో బ్రేకర్ ఎత్తు కొలుస్తున్నాడు. సిద్దిరాములు కూడా వచ్చాడు. గేటు దగ్గర రెండు రోజులు పడిగాపులు పడ్డ ముఖం అది. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

రాజారాం తాత వర్షకు కుర్చీ వేసి, అట్ట మీద తెల్ల కాగితం పెట్టి ఇచ్చాడు.

“సారు కొలుసుడు అయ్యేలోపల రాసేద్దాం. నేను చెప్త, నువ్వు రాయి. ‘అయ్యా, ఆ దినం లోడు పడుటకు కారణం మా బ్రేకర్ కాదు. సడక్‌కు అడ్డముగా వచ్చిన వృద్ధురాలు పెంటవ్వ.’ రాసినవా?”

వర్ష పెన్ను కదల్లేదు.

“తాతా, అట్ల రాయాల్నా?”

జవాబు పెంటవ్వ చెప్పింది. “రాయి బిడ్డా. నేనే రాజారాంకు చెప్పిన గట్ల రాయించుమని. నేనింక దాటనని గూడ రాయి. ఏలిముద్ర ఏస్త. నేను ఇగ ఎన్ని దినాలుంట? బ్రేకర్ మాత్రం ఉండాలె. బడికి పోయే పిల్లలున్నరు మీరు.”

వర్ష కళ్లెదుట కాగితం మసకబారింది. ఎవరి కోసం బ్రేకర్ తెచ్చారో ఆమె ఇక దాటదట. పైగా అదంతా వర్ష కోసమట!

“ఏమైంది? జల్ది రాయి” అన్నాడు రాజారాం తాత. “‘ఇకమీదట సదరు పెంటవ్వ సడక్ దాటదని వాడ తరఫున హామీ ఇస్తున్నాము.’ అయ్యిందా?”

వర్ష తల వంచుకుని రాయడం మొదలుపెట్టింది. అరచేతి గాయం సలుపుతోంది. రాజారాం తాత చెప్పడం ఎప్పుడో అయిపోయింది. ఆమె రాయడం మాత్రం అవలేదు. గుంపు చివర నిలబడ్డ నితీష్ కాగితం వైపు మెడ చాచి చూశాడు. వాడి ముఖం పాలిపోయింది.

వర్ష లేచి, కాగితాన్ని రాజారాం తాతకు కాకుండా నేరుగా సారు చేతికిచ్చింది.

భానుప్రసాద్ సారు కళ్లజోడు సవరించుకుని పైకి చదివాడు.

“ఇంజనీరు సారు గారికి. పాత గోదాం వాడ నుంచి వర్ష, ఆరో తరగతి, రాయునది. బుధవారం చెరుకు పడింది బ్రేకర్ వల్ల కాదు. పెంటవ్వ వల్ల కూడా కాదు. ఆమె దాటుతుంటే సిద్దిరాములు కాక గారు ట్రాక్టర్ ఆపి మంచి పని చేశారు. ట్రాక్టర్ ఆగినప్పుడు నేను వెనక నుంచి చెరుకు గడ గుంజాను. అది తాడు కింది గడ. దాంతో కట్ట వదులై పడిపోయింది. నేను భయపడి పారిపోయాను. మూడు రోజుల నుంచి ఎవరికీ చెప్పలేదు. పెంటవ్వ తనదే తప్పు అనుకుంటున్నది. అది తప్పు. బ్రేకర్ తవ్వకండి. పెంటవ్వను దాటవద్దని అనకండి. ఇట్లు, వర్ష.”

సడక్ మీద ఒక ఆటో బ్రేకర్ ఎక్కి దిగిన చప్పుడు వినిపించింది.

“నేను గూడ” అన్నాడు నితీష్ వెనక నుంచి. వాడి గొంతు కీచుమంది. “నడుం పట్టి గుంజింది నేనే.”

“నేను సూసిన” అన్నాడు చిన్ను. ఎందులోనూ వెనకబడి ఉండడం వాడికి ఇష్టం ఉండదు.

సిద్దిరాములు విసవిసా నడుచుకుంటూ వర్ష ముందుకు వచ్చాడు. వర్ష కళ్లు గట్టిగా మూసుకుంది. తిట్టు కోసం చూసింది. తిట్టు రాలేదు.

“చెయ్యి సూపెట్టు.”

వర్ష అరచేయి చాపింది. ఎర్రటి గీత అడ్డంగా, బొటనవేలి దాకా ఉంది.

“తాడు కింది గడ గుంజినవా? గంత లావు కట్ట నడుమ నుంచి?” సిద్దిరాములు గొంతు తగ్గిపోయింది. “పిల్లా, నువ్వు గడ గుంజిన జాగలనే పడ్డది నా లోడు. ఒక్కొక్క కట్ట నీకన్న బరువుంటది. నేను సీటు మీద కూసుంటె వెనక ఎవరున్నరో అద్దంల గూడ కనవడది. నాకు తెల్వనే తెల్వదు మీరున్నరని. మీకేమన్న అయ్యుంటె...”

ఆయన తలకు చుట్టుకున్న తువ్వాల తీసి ముఖం తుడుచుకున్నాడు. అప్పుడు అడిగాడు.

“ఇంతకు ఆ గడ తియ్యగుండెనా?”

“తినలేదు కాకా” అంది వర్ష వెక్కుతూ. “మోరీల పారేసిన.”

“అరె! తినన్న తినకపోతివి!”

ఎవరో కిసుక్కున నవ్వారు. తర్వాత ఇంకొందరు నవ్వారు. శ్రీధర్ మాత్రం నవ్వలేదు. ఆయన ముందుకు వచ్చి సిద్దిరాములుకు చేతులు జోడించాడు.

“తప్పు పిల్లలదే గాదన్నా, నాది గూడ. ఇంట్ల రోజు నేనే గొప్పలు చెప్పుకుంట. మా కాలంల ఎడ్లబండి గనుక నడిచింది. నీ చెరుకు రెండు దినాలు ఎండింది. వచ్చే లోడుకు నేనొచ్చి ఎత్త సాయం పడ్త.”

“రా అన్నా. మనుషులే దొరుకుత లేరు” అన్నాడు సిద్దిరాములు. తర్వాత పిల్లల వైపు తిరిగాడు. “గడ కావాలంటె ముంగటికొచ్చి అడుగుండ్రి. నాకు కనవడేటట్టు నిలవడి అడుగుండ్రి. ఎనక మాత్రం చెయ్యి పెట్టద్దు.”

భానుప్రసాద్ సారు టేపు మడిచాడు. “బ్రేకర్ ఎత్తు సరిగానే ఉంది. ఇది ఉంటుంది. కాకపోతే బండ్లకు దూరం నుంచే తెలిసేటట్టు అటొకటి, ఇటొకటి బోర్డు పెట్టిస్తాను” అన్నాడు. ఆ కాగితాన్ని ఫైల్లో పెట్టుకుంటూ, “రాత బాగుందమ్మా” అన్నాడు. నాలుగు దరఖాస్తులకూ రాని మెచ్చుకోలు ఇప్పుడొచ్చింది. అయినా వర్షకు సంతోషం కలగలేదు. ఆమె పెంటవ్వ వైపు చూస్తోంది.

పెంటవ్వ గడప మీద అట్లాగే కూర్చుని ఉంది. మెల్లగా అడిగింది.

“అంటె, నేను అడ్డమొచ్చి గాదా?”

“కాదు పెంటవ్వా.”

“నిజంగనేనా?”

“నిజంగనే. నేనే.”

“మూడు దినాల నుంచి నిద్రలేదే పిల్లా నాకు” అంది పెంటవ్వ. అంతే అంది. ఒక్క మాట కూడా తిట్టలేదు. తిట్టినా బాగుండేదని వర్షకు అనిపించింది. ఆమె పోయి పెంటవ్వ ఒళ్లో ముఖం పెట్టి, అందరూ చూస్తుండగానే బోరుమని ఏడ్చింది. పెంటవ్వ తంబాకు వాసన వచ్చే చేత్తో ఆమె తల నిమిరింది.

సోమవారం నాలుగున్నరకు పెంటవ్వ తలుపు చప్పుడైంది.

తీసి చూస్తే వర్ష. ఇంకా యూనిఫాంలోనే ఉంది.

“పెంటవ్వా, చాట ఇటియ్యి. నడువ్. మా అవ్వ ఎదురు సూస్తుంది.”

“ఇయ్యాల వద్దు బిడ్డా. రేపు సూద్దాం. కాళ్లు ఒణుకుతున్నయి.”

“నేను పట్టుకుంట. ట్రాక్టరొస్తె నేనే ఆపుత.”

“నువ్వా? నువ్వు ఆపుతవా ట్రాక్టర్ను?” అని పెంటవ్వ నవ్వింది. ఈసారి ఎప్పటి నవ్వే. చెప్పులు వెతుక్కుంది.

ఇద్దరూ బ్రేకర్ దగ్గరికి వచ్చేసరికి నిజంగానే ట్రాక్టర్ వచ్చింది. ఆగమన్నట్టు వర్ష చెయ్యి ఎత్తింది. సిద్దిరాములు ఆపాడు. ఆయన పక్కనే మడ్‌గార్డ్ మీద శ్రీధర్ కూర్చుని ఉన్నాడు. బట్టల నిండా చెరుకాకు, ముఖం నిండా చెమట.

వర్ష ఒక చంకన చాట, ఇంకో చేత్తో పెంటవ్వ చెయ్యి పట్టుకుని నడిచింది. పెంటవ్వ పట్టీ పట్టీ చూసుకుంటూ కాలు వేస్తోంది. ట్రాలీ వెనక ఒక నల్ల గడ కొస బయటికి వేలాడుతోంది. వర్షకు అది కనిపించింది. నోట్లో నీళ్లు కూడా ఊరాయి. దాని కిందికి చిన్ను మెల్లమెల్లగా జరుగుతున్నాడు.

“చిన్నూ! ముంగటికి రా! కాకకు కనవడేటట్టు నిలవడు!”

చిన్ను మూతి ముడుచుకుని ముందుకు వచ్చాడు. నితీష్ వాడి భుజం పట్టుకుని నిలబడ్డాడు. సిద్దిరాములు పైనుంచి పిల్లల తలలు లెక్కపెట్టుకున్నాడు. తర్వాత సీటు పక్క నుంచి ఒక గడ తీసి చిన్ను చేతికి అందించాడు. తాడు కిందిది కాదు. పొలంలోనే విడిగా నరికి పెట్టుకొచ్చాడు.

అరుగు మీద చాట పెట్టిన చప్పుడు విని హన్మవ్వ తలెత్తింది.

“ఇంత ఆలస్యమానే?” అంది.

“ఊకో. నేను నిమ్మలంగ నడిచిన” అంది పెంటవ్వ, తన జాగాలో కూర్చుంటూ. కాసేపటికి వర్షను పిలిచింది. “పిల్లా, పొద్దు గూకే యాల్లకు నన్ను మల్ల అటు దాటియ్యాలె. యాదిమరువకు.”

“ఇక్కడ్నే ఉంట” అంది వర్ష.

ఆమె పిట్టగోడ దగ్గరికి పోయింది. దుమ్ములో పడి ఉన్న తన బ్యాగు తీసి దులిపింది. గోడ మీద కూర్చుని లెక్కల నోట్‌బుక్ తెరిచింది. నితీష్ పక్కన కూర్చుని తన వాటా చెరుకు ముక్క నములుతూ, లెక్కలు కూడా ఆమె చూసే రాస్తున్నాడు. ఆ విషయం మనం ఇంకోసారి మాట్లాడుకుందాం.

ఎండ ఎర్రబడింది. పెంటవ్వ చాట సర్దుకుని లేచింది. దూరంగా సడక్ మలుపులో హారన్ మోగింది.

“ఒస్తుంది! ఒస్తుంది! రెండు ట్రాలీలది!” చిన్ను గోడ మీద నుంచి గొంతు చించుకున్నాడు.

వర్ష నోట్‌బుక్ మూసి, గోడ దిగింది. పెంటవ్వ చెయ్యి పట్టుకుని బ్రేకర్ ముందుకు నడిచింది. తాను వేసిన మొదటి పట్టీ మీద నిలబడి, డ్రైవర్‌కు కనిపించేలా ఎర్రగీత ఉన్న అరచేతిని పైకెత్తింది.